దిడ్డి గుమ్మం కొలత

ఒకానొక రాజ్యంలో పంట బండ్ల కంటే ఫిరంగి బండ్లే ఎక్కువ తిరిగేవి. ఏలేవాడు రణమల్లభూపతి. ఆదాయం పది పాళ్ళయితే ఏడు సేనకు, రెండు కోటకు పోయేవి. మిగిలిన ఒక్క పాలుతోనే కాలువల పూడిక తీయాలి, ఊళ్ళలో పిల్లలకు గంజి పోయాలి.

ఆ ఒక్క పాలూ గుర్రాలకు కావాలన్నాడు సేనాపతి కాటమనాయకుడు. సేన రెట్టింపయిందనీ, ప్రతి భటుడూ పాత కొలతకు సరిగ్గా తూగుతున్నాడనీ చెప్పాడు. రాజు మీసం దువ్వుకున్నాడు.

కొలువులో చమత్కారి మాచన ఒక్కడే ఒప్పుకోలేదు. గంజి ఆగితే ఈ ఏడాది పసివాళ్ళు దక్కరన్నాడు. ఇప్పటికే రాజ్యం కుంగిపోతోందన్నాడు.

"రేపు భటుల ఎంపిక. అక్కడ రుజువు చెయ్యి. చెయ్యలేకపోతే నీ నాలుక కోయిస్తాను" అన్నాడు రాజు.

కోట వెనుక దిడ్డి గుమ్మం ఉంది. నిటారుగా నడిచి వచ్చే కుర్రాడి తల దాని పైదూలానికి తగిలితేనే సేనలో చోటు. తాతలనాటి ఆచారమది. రాజు కూడా యువరాజుగా ఉన్నప్పుడు తల తగిలించుకునే వచ్చాడు.

మర్నాడు మాచన చేతులు కట్టుకుని, ముందుగా ఏలినవారే ఆ గుమ్మంలోంచి వస్తే కుర్రాళ్ళకు ధైర్యంగా ఉంటుందన్నాడు. రాజన్నవాడు తల వంచితే మాత్రం అపశకునమని కూడా చెప్పాడు.

రణమల్లుడు కిరీటం తీసి, జనం వైపు చూస్తూ విసురుగా నడిచాడు. దూలం ముక్కుకు కొట్టుకుంది. నెత్తురు గడ్డం మీదికి కారింది. బాకాలు ఆగిపోయాయి.

"దూలం దించినవాడెవడు?" అన్నాడు రాజు.

"దూలం దిగలేదు ప్రభూ, నేల లేచింది" అన్నాడు మాచన.

గునపాలు వేసి పెకలిస్తే గుమ్మంలో ఒకదాని మీద ఒకటి పరిచిన బెత్తెడు మందం బండలు రెండు బయటపడ్డాయి. ఏటేటా తల తగిలేవాళ్ళు తగ్గిపోతుంటే, లెక్క నింపడానికి కాటమనాయకుడు పరిపించినవి. బండలు తీశాక కుర్రాళ్ళను మళ్ళీ నడిపించారు. ఒక్క తలా దూలానికి తగలలేదు.

"మీరు పట్టం కట్టుకున్న ఏడాది పుట్టినవాళ్ళు వీళ్ళు" అన్నాడు మాచన. "ఇన్నేళ్ళలో ఏ శత్రువూ మన గడప తొక్కలేదు. ఈ పిల్లల ఎత్తు కోసుకున్నది మనమే."

రాజు ఆ కుర్రాళ్ళను వరసగా చూశాడు. తర్వాత ముక్కు పట్టుకుని పొడిగా నవ్వాడు. "ఈ మాట చెప్పడానికి నా ముక్కు పగలగొట్టాలటయ్యా?"

"మామూలుగా చెబితే మీసం దువ్వుకుంటారు ప్రభూ."

రాజు ఈసారి గట్టిగానే నవ్వి, చేతి కడియం తీసి మాచనకు తొడిగాడు. గుర్రాల బేరం ఆగింది. గంజి ఆగలేదు. సేనకు పోయే ఏడు పాళ్ళలో మూడు పాళ్ళు కాలువలకు మళ్ళాయి. కాటమనాయకుడిని పూడిక తీసే పనికి పంపారు.

ఆ తర్వాత పుట్టిన పిల్లలు మెల్లగా దూలాన్ని అందుకున్నారు. ఆనాడు నడిచిన కుర్రాళ్ళు మాత్రం ఇక పెరగలేదు. ఆ గుమ్మానికే కాపలా ఉండి, ముసలివాళ్ళయ్యేదాకా దాని కింద తల వంచకుండానే తిరిగారు.