నీటి వంతుల పాట

పూర్వం ఒక సంస్థానానికి వచ్చిన కొత్త అధికారి నాట్ల పాటలు నిషేధించాడు. పాడుతుంటే పని సాగదని ఆయన నమ్మకం.

ఆ ఏడు వానలు తగ్గాయి. ఎవరి మడికి ఎప్పుడు నీళ్లో వంతులు రాసిన తాటాకుల్ని అధికారి కచేరీలో చెదలు తినేశాయి. కాలువ దగ్గర ప్రతి రైతూ "మొదటి వంతు నాదే" అని కొట్లాటకు దిగాడు. ఆ గొడవలో కాలువ చివరనున్న సూరాలమ్మ మడికి చుక్క నీరు రాలేదు. ఆమె అధికారి దగ్గరికి వెళ్లింది.

"వంతులన్నీ నాట్ల పాటలో ఉన్నాయి బాబయ్యా. తమరే పాడొద్దన్నారు."

"పాడకుండా చెప్పు!"

"నడుం వంచి నారు పట్టుకుంటేగానీ నాకు గుర్తు రాదు. నేను మరిచింది పక్కామె అందుకుంటుంది. అందరం ఉండాలి."

అధికారి పళ్లు కొరుక్కుంటూ సరేనన్నాడు. ఇరవై మంది ఆడవాళ్లు తడి ఉన్న మడిలోకి దిగి పాట ఎత్తుకున్నారు. ఒక్కో మడి పేరూ వరసగా వస్తుంటే లేఖకుడు కొత్త తాటాకుల మీద రాసుకున్నాడు.

"దీన్ని నువ్వు మార్చలేదని ఏమిటి నమ్మకం?" అన్నాడు అధికారి.

"నా మడి పేరు ఎక్కడుందో చూడండి."

"అన్నిటికన్నా చివర," అన్నాడు లేఖకుడు.

"మార్చేదాన్నయితే అక్కడ పెట్టుకుంటానా బాబయ్యా?"

ఆ వరసలోనే నీళ్లు వదిలారు. తొమ్మిదో రోజున సూరాలమ్మ మడి తడిసింది. కొత్త తాటాకుల్ని అధికారి పెట్టెలో దాచాడు, పాటను మాత్రం మళ్లీ ఆపమనలేదు.