బెట్టుడుత బోయీలు

మబ్బులు కొండల మీద పడుకుని లేచే ఒకానొక రాజ్యాన్ని చిత్రభానుడనే రాజు ఏలుతుండేవాడు. కోట దాటితే ఆయన నేల మీద కాలు మోపేవాడు కాదు. నేల తొక్కడం సామాన్యుల పని అని ఆయన నమ్మకం.

ఆ రాజ్యపు జెండా మీద బెట్టుడుత బొమ్మ ఉండేది. పిల్లి అంత ఒళ్లు, ఒంటికన్నా పొడవైన ఎర్రటి తోక. ఆ కొండ అడవిలో తప్ప మరెక్కడా కనపడని ఉడుత అది. రాజుగారు దాన్ని జెండా గుడ్డ మీదే చూశారు.

ఒకనాడు కొలువులో రాజు, "వెయ్యి కొయ్య స్తంభాల మండపం కట్టిస్తాం. కొండ అడవి కొట్టించండి!" అన్నాడు.

మంత్రులు తలలూపారు. విదూషకుడు బయ్యన మాత్రం ఆలోచనలో పడ్డాడు. ఎదురు చెబితే తల పోతుంది, ఊరుకుంటే అడవి పోతుంది.

"చిత్తం ప్రభూ! కొట్టించే ముందు మన జెండా దొరను ఒక్కసారి కళ్లారా చూసి వద్దాం," అన్నాడు.

మర్నాటి ఉదయం రాజుగారి పల్లకీ అడవి నడుమ దిగింది. పొగమంచు ఇంకా చెట్లను వదల్లేదు. ఉన్నట్టుండి పైన ఎర్రని తోక ఒకటి గాలిలో తేలింది. కొమ్మ నుంచి కొమ్మకు, కలలో నడిచినట్టు సాగిపోయింది. రాజు రెప్ప వేయడం మరిచాడు.

"కిందికి దిగదేం, బయ్యనా?"

"నేల తొక్కడం దానికి నామోషీ ప్రభూ, తమలాగే. చెట్లే దాని బోయీలు."

రాజు మీసం దువ్వాడు. "రాజసమంటే అదీ! సరే, ఇక కోటకు పదండి," అంటూ తెర వేసుకున్నాడు.

పల్లకీ కదల్లేదు. తెర తొలగించి చూస్తే బోయీలు ఒక్కరూ లేరు.

"ఏరీ వీళ్లు?"

"తమరు పైకి చూస్తుండగా నేనే పంపించేశాను ప్రభూ."

"ఎవడు పంపమన్నాడు? మేము ఇంటికి ఎలా వెళ్లాలి?"

బయ్యన చేతులు కట్టుకున్నాడు. "చెట్లు కొట్టేశాక ఆ ఉడుతా ఇదే అడుగుతుంది ప్రభూ. ఏం చెప్పాలో తమరే సెలవివ్వండి."

రాజు కళ్లెర్రబడ్డాయి. బయ్యన మెడ తడుముకున్నాడు. అంతలో రాజు మీసాల కింద నవ్వు మొదలై అడవంతా మారుమోగింది.

"గడుసువాడివిరా! మమ్మల్ని నడిపిస్తున్నావన్న మాట!"

చెప్పులు విడిచి మెల్లగా దిగాడు. మంచుకు తడిసిన ఆకులు అరికాళ్లకు చల్లగా తగిలాయి. "మెత్తగా ఉందిరా," అన్నాడు పసివాడిలా.

మెడలోని ముత్యాల హారం తీసి బయ్యన మెడలో వేశాడు. ఆ అడవిలో గొడ్డలి పడరాదని ఆ పూటే చాటింపు వేయించాడు.

నడిచి కోటకు చేరిన ఆయన పాదాలకు అంటిన మట్టి చూసి రాణి తెల్లబోయింది. చెంబుతో నీళ్లు తెచ్చి కడగబోయింది.

"ఉండనీ," అన్నాడు రాజు.