గుడ్డలో చుట్టిన పళ్ళెం

"పెద్దలు మాటిచ్చేశాక ఆడపిల్ల కాదంటే, ఆ మాట ఏమైపోవాలి గురువుగారూ?" అని ఆషేరు అడిగాడు. ఎల్యాకీము గారు మా యూదుల పేటలో ప్రార్థన జరిపిస్తారు, పిల్లలకీ పెద్దలకీ ధర్మం చెప్తారు. ఏదడిగినా చప్పున బదులివ్వడం ఆయనకి అలవాటు లేదు. "రేపు మీ ఇంటికొస్తున్నాగా, అక్కడ చూద్దాం," అన్నారు.

ఆషేరు ఊరికే అడగలేదు. మర్నాడు వాళ్ళ చెల్లెలు కెజీయా నిశ్చితార్థం. తండ్రి లేడు కనక మేనత్త దీనమ్మకి మాటిచ్చింది ఇతనే. దీనమ్మ సామాన్యురాలు కాదు. పిల్ల ఉయ్యాల్లో ఉన్నప్పుడే "ఇది నా కోడలు" అని తన కొడుక్కి ఖాయం చేసుకుని కూర్చుంది. ఆ పిల్లేమో పెరిగి బెజవాడ ఆస్పత్రిలో నర్సయింది. ఫోన్లో పరిచయమై, ముంబైలో మా మతం అబ్బాయినే తనే చూసుకుంది. అతనికి మరాఠీ తప్ప రాదు. "గోంగూర ఎరగనివాడితో కాపురమేంటే" అని దీనమ్మ ఊరంతా చెప్పి నవ్వింది. నవ్వు పైకే. పేటలో ఉన్నవే గుప్పెడు గడపలు, పిల్లలిలా పోతే శనివారం ప్రార్థనకి ఎవరు మిగుల్తారని పెద్దల భయం. ఆ భయం అబద్ధమని నేననను. కానీ భయం మనదీ, బలి ఆ పిల్లా? నాకు ఒళ్ళు మండి ఆ మాట పదిమందిలో అనేశాను. ఎవరూ వినిపించుకోలేదు.

మా నిశ్చితార్థాల్లో ఒక ఆచారం ఉంది. ఇద్దరు తల్లులూ ఒక పింగాణీ పళ్ళేన్ని చెరో అంచూ పట్టుకుని రోటికేసి కొట్టి పగలగొడతారు. పగిలింది అతకదు, అలాగే ఇచ్చిన మాట వెనక్కి రాదని దాని అర్థం. పెంకులు ఎగిరి గుచ్చుకోకుండా ముందే దాన్ని గుడ్డలో చుడతారు. చుట్టి తేవడం ఆడపెళ్ళివారి పని. ఆ రోజు ఆ పని కెజీయా తనే చేస్తానంది. అమ్మయ్య, పిల్ల దారికొచ్చిందని అందరూ సంబరపడ్డారు.

తల్లులిద్దరూ కొట్టారు. ఖంగుమంది. మళ్ళీ కొట్టారు, మళ్ళీ ఖంగుమంది. చెవుడున్న తాత ఒకాయన పగిలిందే అనుకుని "మజల్ తోవ్" అని దీవించేశాడు కూడా. దీనమ్మ గుడ్డ విప్పి చూస్తే లోపల రోజూ అన్నం తినే స్టీలు కంచం.

"ఏమే, పెద్దవాళ్ళతో పరాచికాలా?" అంది దీనమ్మ.

కెజీయా గొంతు వణకలేదు. "పరాచికం కాదత్తా. పగలగొట్టేది మీరిద్దరూ, జన్మంతా పెంకులు ఏరుకునేది నేనూ. అందుకే పగలనిది తెచ్చాను."

తల్లి ఏడుపందుకుంది. పెళ్ళికొడుకు గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. పక్కింటి నుంచి పింగాణీది పట్రమ్మని ఎవరో అన్నారు, తెచ్చారు. దీనమ్మ చెయ్యి చాపేలోపు ఎల్యాకీము గారు దాన్నందుకుని ఆషేరు చేతిలో పెట్టారు.

"మాటిచ్చింది నువ్వుగా. నీ చెల్లెలి మొహం చూస్తూ నువ్వే కొట్టు."

ఆషేరు చూశాడు. ఆ పిల్ల కళ్ళు దించలేదు, బతిమాలనూ లేదు. అతను రోటి దగ్గరికి వెళ్ళి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. చివరికి పళ్ళేన్ని మెల్లిగా అరుగు మీద పెట్టేశాడు. దీనమ్మ తన కొడుకు చెయ్యి పట్టుకుని విసవిసా బయటికి నడిచింది. ఆమె వెనకే ఒక్కొక్కరుగా జనం పలచబడ్డారు.

ఆషేరు గురువుగారి దగ్గరికొచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. "నా మాట పోయింది గురువుగారూ. రేపట్నుంచి ఈ పేటలో ఎలా తిరగను?"

ఎల్యాకీము గారు చెప్పుల్లో కాళ్ళు పెడుతూ అన్నారు: "పోయిందా? అసలది నీదేనా, నాయనా?"