లెక్క తప్పకుండా అల్లిన లేసు

అనగనగా గోదారి కాలవ పక్కన ఒక పేటలో, లేసు అల్లే అమ్మ ఒకావిడ ఉండేదే బంగారూ. ఎవరావిడని ఇప్పుడే అడక్కు, చివర్న చెబుతా.

ఆవిడ పొద్దస్తమానం అరుగు మీద కూచుని, కొక్కెం సూదితో తెల్లదారం అల్లేది. ఒక్కో పువ్వుకి ఇన్ని కుట్లని లెక్క. ఒక్క కుట్టు తప్పిందా, పువ్వు వంకరపోయేది, అల్లిందంతా విప్పాల్సిందే. అందుకని పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటూనే ఉండేది.

ఆవిడకో కూతురు, చిట్టి. అప్పుడప్పుడే మాటలొస్తున్నాయి. ఒకనాడు గోడ మీద చీమల బారు చూసి, వేలు చూపించి, "అదీ?" అంది. అప్పుడు అమ్మ తల ఎత్తకుండానే, "ష్! లెక్క తప్పుతుంది" అంది.

ఆ తర్వాత వాన పడింది. చూరు నీళ్ళ కింద చెయ్యి పెట్టి, చిట్టి మళ్ళీ "అదీ?" అంది. అమ్మ మళ్ళీ "ష్!" అంది.

ఆ తర్వాత గంప కింద గుడ్డు చిట్లి, కోడిపిల్ల తల బయట పెట్టింది. చిట్టి పరిగెత్తుకొచ్చి అమ్మ మోకాలు పట్టుకుని ఊపేసింది. పిచ్చితల్లి, ఎంత సంబరమో దానికి! అమ్మ ఆ చెయ్యి విడిపించి, మొదటి కుట్టు నుంచి లెక్కపెట్టుకుంది.

అప్పటి నుంచి చిట్టి అడగడం మానేసింది. బొమ్మ పట్టుకుని ఓ మూల కూచునేది. "ఎంత బుద్ధిమంతురాలే నీ కూతురు!" అని ఇరుగుపొరుగు మెచ్చుకునేవాళ్ళు. బుర్ర తక్కువ మనిషి, ఆ అమ్మ మురిసిపోయేది!

మూడేళ్ళు నిండాయి. పక్కింటి పిల్ల పిట్టల పేర్లూ చెట్ల పేర్లూ గడగడా చెప్పేస్తోంది. చిట్టికి పట్టుమని పది మాటలు లేవు. ఏది చూసినా, ఇదేంటి అన్న ధ్యాసే లేదు. అప్పటికి గానీ అమ్మకి తెలివి రాలేదు. సూది పడేసి, కూతురి ముందు చతికిలబడి, "నీ బొమ్మ పేరేంటే చిట్టీ?" అని అడిగింది.

చిట్టి తల ఎత్తలేదు. "ష్! లెక్క తప్పుతుంది" అంది. ఆ పిల్లకి తడబడకుండా వచ్చిన మాట అదొక్కటే.

ఆ తర్వాత ఆ అమ్మ పిల్లని చంకనేసుకుని ఊరంతా చూపించింది, ఒక్కోటీ పలికించింది. మాటలొచ్చాయి, చదువూ వచ్చింది. కానీ ఎంతో ఆలస్యంగా, ఎంతో కష్టపడితే వచ్చాయి.

ఆ అమ్మ ఇంకెవరో కాదే, నేనే. చిట్టి మీ అమ్మ. ఇప్పటికీ నన్నేదైనా అడగాలంటే, నా చేతులు ఖాళీగా ఉన్నాయో లేదో చూసుకుని గానీ నోరు తెరవదు. అది చూసినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమంటుంది.

కథేమో కంచికి చేరింది,
మన అడుగు ఇంటికి మళ్ళింది,
అడిగేదుంటే అడగవే తల్లీ,
అమ్మమ్మ మేలుకునే ఉంది.