ఆదెమ్మ మడమలకు క్రీము

గుమ్మడివలసలో ఎవరింటికైనా వెళ్ళి "ఈ ఊళ్ళో తెలివైనవాళ్ళెవరు?" అని అడగండి, ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతారు. ఆదెమ్మ ఇంట్లో అడిగితే మాత్రం నలుగురూ ఒక్కసారే "మేమే" అంటారు. ఆ నలుగురూ ఎవరంటే ఆదెమ్మ, ఆవిడ పెద్దకొడుకు జోగినాయుడు, అతని పెళ్ళాం వరహాలు, చిన్నకొడుకు గవరయ్య.

"ఊళ్ళో జనం సగం ఇంటారు, మిగతా సగం సొంతంగా కలిపేసుకుంటారు. మాం అలాగ కాదు. సెప్పింది సెప్పినట్టు సేస్తాం" అని జోగినాయుడు అరుగు మీద కూర్చుని దారినపోయేవాళ్ళందరికీ చెప్పేవాడు.

ఇది ఆ ఇంటికి వంశపారంపర్యంగా వచ్చింది లెండి. ఆదెమ్మ మొగుడు బతికున్న రోజుల్లో ఓసారి జ్వరం వస్తే డాక్టరు "నేను వచ్చేదాకా మంచం దిగొద్దు" అన్నాడు. అని, బదిలీ అయి వెళ్ళిపోయాడు. అంతే. జ్వరం పోయింది, కోతలు అయిపోయాయి, మళ్ళీ నాట్లు వచ్చాయి, ఆయన మాత్రం మంచం దిగలేదు. కొత్త డాక్టరు వచ్చి లెమ్మంటే "మీరు కాదు బాబూ, ఆయన రావాల" అన్నాడట. కొడుకులిద్దరూ బండి కట్టుకుని వెళ్ళి ఆ పాత డాక్టరునే బతిమాలి పట్టుకొచ్చి గుమ్మంలో నిలబెడితే అప్పుడు లేచాడు. ఇంకో ఇంట్లో అయితే ఈ సంగతి దాచుకుంటారు. వీళ్ళు పెళ్ళిళ్ళలో కూడా చెప్పుకుంటారు.

అలాంటి ఇంటికి ఓ కష్టం వచ్చింది. ఆదెమ్మ మడమలు పగిలాయి. మామూలు పగుళ్ళు కాదు, అడుగు వేస్తే రక్తం చిమ్మేవి. అసలు బెంగ నొప్పి గురించి కాదు. వచ్చే నెలలో అమ్మోరి పండగ. మొదటి ఘటం ఎత్తేది ఆదెమ్మే. ఊరి కట్టుబాటు ఏమిటంటే, ఘటం నెత్తిన పెట్టుకున్న మనిషి వట్టి కాళ్ళ మీద అమ్మోరి గద్దె దాకా రావాలి. మధ్యలో కూలబడితే ఘటం పక్కింటి సత్తెమ్మకు పోతుంది. సత్తెమ్మ అప్పుడే కొత్త చీర కొని మడత విప్పి చూసుకుంటోంది కూడా.

"మా అత్త సచ్చిపోయేముందు తన సేత్తో నా నెత్తిన పెట్టింది ఆ ఘటం. నేను దించాల్సి వస్తాదేటిరా?" అని ఆదెమ్మ కళ్ళు తుడుచుకుంటే కొడుకులిద్దరూ చెరోపక్కా కూర్చుని ఆవిడ కాళ్ళు ఒళ్ళో పెట్టుకున్నారు. ఎంత తెలివితక్కువ వాళ్ళయినా తల్లంటే ప్రాణం పెట్టేవాళ్ళే.

ఆదెమ్మ తమ్ముడి కూతురు హైమ విజయనగరంలో ఉంటుంది. ఇంట్లోనే క్రీములు చేసుకుంటుంది. కబురు పెడితే పాపం బస్సెక్కి వచ్చింది. మేనత్త మడమలు చూసి "అయ్యో అత్తా!" అంది. తేనెమైనం, పన్నీరు, చిన్న గిన్నె తనే తెచ్చింది.

"పెద్దబావా, జాగ్రత్తగా విను. పెద్ద గిన్నెలో నీళ్ళు మరగనిచ్చి, అందులో ఈ చిన్న గిన్నె పెట్టి, నువ్వుల నూనె, మైనం కరిగించండి. పన్నీరు వేరేగా అంతే వేడి చేసి, సన్నటి ధారగా పోస్తూ కలపండి. చల్లారేదాకా కలపడం ఆపొద్దు. ఆపితే విడిపోతుంది" అని చెప్పి, బస్సు వెళ్ళిపోతుందని పరుగెత్తింది.

ఇంకేముంది, పెరట్లో పొయ్యి రాజేశారు. అన్నీ చెప్పినట్టే చేశారు. మైనం కరిగింది, పన్నీరు కలిసింది. జోగినాయుడు గరిటె పట్టుకుని కలుపుతున్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది. కలుపుతున్నాడు. పొద్దు వాలింది. ఇంకా కలుపుతున్నాడు. ఎందుకంటే అది చల్లారడం లేదు. ఎలా చల్లారుతుంది, కింద వరహాలు కట్టెలు ఎగదోస్తూనే ఉంది.

సత్తెమ్మ గోడ మీంచి తొంగిచూసి "పొయ్యి మీంచి దించితే కదేటి సల్లారీది!" అంది.

"దించమని హైమ సెప్పలేదు" అన్నాడు జోగినాయుడు చెమట తుడుచుకోకుండా. తుడుచుకుంటే కలపడం ఆపాలి కదా.

"మంట ఆర్పమనీ సెప్పలేదు" అని వరహాలు ఇంకో కట్టె పెట్టింది. ఆదెమ్మ కొడుక్కి అన్నం కలిపి నోట్లో ముద్దలు పెట్టింది. గవరయ్య విసనకర్రతో గిన్నెకు విసురుతూ కూర్చున్నాడు.

ఇంతలో ఎండాకాలపు గాలివాన ఒకటి విరుచుకుపడింది. పొయ్యి ఆరింది. వాన నీళ్ళన్నీ గిన్నెలో పడుతున్నాయి. జోగినాయుడు తడిసి ముద్దయినా ఆపితే ఒట్టు. చివరికి వేలు పెట్టి చూసి "సల్లారింది!" అని కేకేశాడు. నలుగురూ పండగ చేసుకున్నారు.

తెల్లారి చూస్తే పైన నూనె, కింద నీళ్ళు. గవరయ్య హైమకు ఫోన్ చేశాడు.

"విడిపోయిందా? కంగారు పడకండి చిన్నబావా. మళ్ళీ గోరువెచ్చగా చేసి, పొయ్యి మీంచి దించేసి, వినబడిందా, దించేసి, కలిసేదాకా గిలక్కొట్టండి. మూత గట్టిగా ఉన్న సీసాలో పెట్టుకోండి. ముందు అత్త మోచేతి లోపలివైపు కొంచెం రాసి ఒక రోజు ఆగండి. ఏమీ కాకపోతే అప్పుడు మడమలకు రాయండి."

దించేశారు. మజ్జిగ కవ్వం పెట్టి చిలికారు. కలిసింది. తెల్లగా, మెత్తగా, ముద్దొచ్చేలా కలిసింది. ఆదెమ్మ మోచేతికి కాస్త రాసి, నలుగురూ చుట్టూ కూర్చున్నారు ఏమవుతుందో చూద్దామని.

సాయంత్రానికి సత్తెమ్మ మేక వచ్చి తీగ మీద ఆరేసిన గవరయ్య లుంగీ సగం తినేసింది.

"అయ్యో, అయింది!" అంది ఆదెమ్మ.

"ఏటీ అవకపోతేనే కదా రాయమంది. ఇప్పుడు లుంగీ పోయింది. రాయకూడదు" అన్నాడు జోగినాయుడు. సరే, రేపు చూద్దాం అనుకున్నారు. మర్నాడు వరహాలు చేతిలో కుండ జారి పగిలింది. అదీ పోయింది. ఆ మర్నాడు గేదె కట్టు తెంచుకుంది. తర్వాత రోజు వరహాలు మేనమామ చెప్పాపెట్టకుండా దిగబడ్డాడు. అలా ప్రతిరోజూ ఏదో ఒకటి అవుతూనే ఉంది. ఆదెమ్మ చెయ్యి మాత్రం నున్నగా, చక్కగా ఉంది. దానివైపు చూసినవాడు లేడు. మడమలు పగులుతున్నాయి, పండగ దగ్గరకు వస్తోంది, సీసా మూత తీయకుండా గూట్లో ఉంది.

"ఇలాగ కాదురా, ఏటీ అవని రోజు మనమే సెయ్యాల" అన్నాడు జోగినాయుడు. ఆ మాట విని ముగ్గురూ అతని తెలివికి నోరు వెళ్ళబెట్టారు.

అంతే. గేదెని తోలుకెళ్ళి సత్తెమ్మ పెరట్లో కట్టేశారు. తలుపులు, కిటికీలు మూశారు. పొయ్యి రాజెయ్యలేదు, కుండ ముట్టుకోలేదు. నలుగురూ గది మధ్యలో చాప మీద కూర్చుని, మాట్లాడకుండా, కదలకుండా, తుమ్ము వస్తే ముక్కు పట్టుకుని ఆపుకుంటూ పొద్దు గూకేదాకా ఉన్నారు. ఎవరో తలుపు కొట్టారు, పలకలేదు. ఈగ వచ్చి గవరయ్య ముక్కు మీద వాలింది, ఉండనిచ్చాడు. దీపాల వేళయింది. నిజంగానే ఏమీ కాలేదు!

"ఏటీ అవలేదే!" అని జోగినాయుడు ఆనందం పట్టలేక ఎగిరి గంతేశాడు. గూటి చెక్క ఠంగుమని నెత్తికి తగిలి నిమ్మకాయంత బొప్పి కట్టింది.

నలుగురూ ఆ బొప్పిని చూస్తూ ఉండిపోయారు. "అయిపోయింది" అని ఆదెమ్మ చాప చుట్టేసింది.

మర్నాడు హైమే ఫోన్ చేసింది. సంగతంతా విని నెత్తి కొట్టుకుంది ఆ పిల్ల. "లుంగీ ఏమైతే నాకెందుకు బావా! ఏమీ కాకపోవడమంటే అత్త చేతికి! దురద గానీ దద్దుర్లు గానీ రాకపోతే అని!"

"ఆ ముక్క ముందే సెప్పాల కదా అమ్మా" అన్నాడు జోగినాయుడు నొచ్చుకుని.

హమ్మయ్య అని సీసా మూత తీశారు. లోపల పచ్చటి బూజు, గుప్పుమని వాసన. వాన నీళ్ళు పడ్డాయి కదా మరి. ఆదెమ్మ సీసా పట్టుకుని ఘొల్లుమంది. పండగ ఇంకెన్నాళ్ళో లేదు. ఆవిడ ఏడుపు ఫోన్లో హైమకు వినబడింది.

"అత్తా, ఏడవకు. అది పారేయండి. ఈసారి పన్నీరూ వద్దు, నీళ్ళూ వద్దు. నూనె, మైనం, అంతే. నీళ్ళే లేకపోతే విడిపోయేదీ లేదు, బూజూ అంత తొందరగా రాదు. ఎండలకి కరిగిపోతుంది, మైనం కాస్త ఎక్కువ వేయండి. పొడి సీసా, పొడి చెంచా. పగులు ఎంతుందో చూసుకుని అంతకు తగ్గట్టే చేసుకోండి. ఎక్కడ పగులు కనబడినా రాయండి, ఒక్కటి కూడా వదలొద్దు. రాశాక మేజోడు తొడగండి. తొడగకపోతే రాసినదంతా దండగ."

చెప్పింది చెప్పినట్టు చేశారు. ఈసారి మాట కూడా తిన్నగా ఉంది కాబట్టి పని కూడా తిన్నగానే అయింది. ఆదెమ్మ రోజూ పడుకునేముందు రాసుకుని, గవరయ్య చిన్నప్పటి బడి మేజోళ్ళు తొడుక్కుని పడుకునేది. పగుళ్ళు పూడాయి. పండగ ముందురోజు ఉదయం గచ్చు మీద కాలు మోపి నడిచి చూసుకుంది. నొప్పి లేదు. ఇంకో అడుగు వేసింది. లేదు! "మా అత్త ఘటం నిలబడిందిరా" అని కొడుకులిద్దర్నీ పట్టుకుని ఏడ్చేసింది. ఆ ఏడుపు ఎంత చల్లగా ఉందో ఆ ఇంట్లో.

కథ ఇక్కడ ఆగిపోతే వాళ్ళు తెలివైనవాళ్ళేనని ఊరూ ఒప్పుకునేది.

అమ్మ నడిచే దారి ఎలా ఉందో చూసొద్దామని అన్నదమ్ములిద్దరూ బయల్దేరారు. ఊరికీ అమ్మోరి గద్దెకీ మధ్య ఎండిపోయిన నల్లరేగడి మడి ఒకటుంది. అందులో అడుగు పెట్టి గవరయ్య ఆగిపోయాడు.

"అన్నా, పగుళ్ళు!"

నిజమే. చెయ్యి దూరేంత పగుళ్ళు, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా.

"ఒక్కటి కూడా వదలొద్దంది హైమ" అన్నాడు జోగినాయుడు, గుండె మీద చెయ్యి వేసుకుని. "ఎంతుందో సూసుకుని తగ్గట్టు సెయ్యమంది. పద."

ఇంకేముంది, పెళ్ళిళ్ళకు వండే గుండిగ తెచ్చారు. ఏడాదికని గానుగ ఆడించి దాచుకున్న నువ్వుల నూనె మొత్తం పోశారు. కొండ మీద తేనె పట్టేవాళ్ళ దగ్గరున్న మైనమంతా తెచ్చి కరిగించారు. అన్నదమ్ములు చీపుళ్ళతో పూశారు. వరహాలు మాత్రం చెంచాతోనే రాసింది. ఒక్కో పగులుకీ రాసి, కొంగుతో చెంచా తుడిచి పొడి చేసుకుని, మళ్ళీ రాసింది. చీకటి పడేసరికి మడి మడంతా నిగనిగలాడిపోయింది.

మర్నాడు డప్పులు మోగాయి. పసుపు కుంకాలతో ఘటం నెత్తిన పెట్టుకుని ఆదెమ్మ ముందు నడిచింది. వెనక డప్పులవాళ్ళు, వాళ్ళ వెనక ఊరు. కొత్త చీర కట్టుకుని సత్తెమ్మ గద్దె దగ్గరే కాచుకుని ఉంది. ఎండ బాగా ఎక్కింది. మైనం మెత్తబడింది.

ఆదెమ్మ మడిలో కుడికాలు మోపింది. అంతే, ఎడమకాలు మోపే అవసరం రాలేదు. సర్రుమని జారింది! నెత్తిన ఘటం, రెండు చేతులూ ఘటం మీద, కళ్ళు అమ్మోరి మీద, మనిషి కర్రలా నిలువుగా నిలబడి జారుకుంటూ పోతోంది. వెనక డప్పులవాళ్ళు కొట్టడం ఆపకుండానే వెల్లకిలా పడి జారుతున్నారు. వాళ్ళ వెనక ఊరి పెద్దలు ఒకరి మీద ఒకరు. గట్టు దాటి, దుమ్ములో పడి, ఆదెమ్మ సరిగ్గా గద్దె ముందుకొచ్చి ఆగింది. ఘటంలో చుక్క తొణకలేదు.

"సెల్లదు! ఆవిడ నడవలేదు, జారింది!" అని అరిచింది సత్తెమ్మ.

ఆదెమ్మ ఘటం దించి తాపీగా చెప్పింది. "వట్టి కాళ్ళ మీద రావాలన్నారు. వచ్చాను. నడవాలని ఎవలు సెప్పారు?"

పెద్దలు నూనె తుడుచుకుంటూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తాతల నాటి నుంచి ఎవరూ ఆ మాట చెప్పలేదు మరి. ఘటం ఆదెమ్మకే దక్కింది. ఊరంతా జేజేలు కొట్టింది. ఆవిడ కొడుకుల వైపు చూసిన చూపు చూడాలి మీరు, వాళ్ళు గెలిచిందంతా ఆ చూపులోనే ఉంది.

సాయంత్రం హైమ ఫోన్ చేసింది, ఉండబట్టలేక. "పగుళ్ళు ఎలా ఉన్నాయి పెద్దబావా?"

"అమ్మవి పూర్తిగా మానిపోయాయమ్మా. మడివే ఇంకా అలాగే ఉన్నాయి. తప్పు మాదేలే, రాశాం గానీ మేజోడు తొడగలేదు."

"మడికి... మేజోడా?"

"ఆఁ. గవరయ్య దర్జీని ఎంటేసుకెళ్ళి కొలతలు తీయిస్తన్నాడు. పొడుగు తేలింది, ఎడల్పు తేలింది. ఎంత ఎతికినా మడమ ఎటుపక్కుందో అదొక్కటే దొరకట్లేదు. కొంచెం నువ్వొచ్చి సూపించి పోదూ!"