తంగేడు గింజకు గట్టి పెంకు

ఒకప్పుడు తంగేడు గింజకు పెంకే లేదు. పెసరగింజలా మెత్తగా ఉండేది. చినుకు తగిలితే చాలు, మొలకెత్తేది.

ఒక ఏడు రోహిణి ఎండల్లో ఉత్తుత్తి వాన ఒకటి పడింది. బీడులోని తంగేడు గింజలన్నీ ఒక్కసారే లేచాయి. మర్నాడు ఎండ కాసింది. అన్నీ మాడిపోయాయి. ముదురు చెట్లు అంతకుముందే ఎండి కట్టెలయ్యాయి.

లోకంలో ఇక ఏడంటే ఏడే గింజలు మిగిలాయి. అవి మా ముత్తవ్వకు ముత్తవ్వ, కొమురవ్వ కొంగుముడిలో ఉన్నాయి. గౌరమ్మకు పచ్చని తంగేడు పూలు పెడతానని ఆమె మొక్కుకుంది.

మృగశిర వానకు కొమురవ్వ దండం పెట్టుకుని ఏడూ నాటింది. భక్తి నిండా ఉంది. ఓపికే లేదు. మా వంశంలో అది ఎవరికీ లేదు లెండి.

తెల్లారగానే మట్టి తీసి చూసింది. "ఏం బిడ్డా, లేచినవా?"

"ఓ అవ్వా, దుప్పటి గుంజకే! సలి పెడుతంది!" అంది గింజ.

మధ్యాహ్నం మళ్ళీ తీసింది. సాయంత్రం మళ్ళీ. ఆమె గోరు తగిలి లేత తోలు చిరిగేది. నాలుగు రోజుల్లో నాలుగు గింజలు చచ్చిపోయాయి.

మిగిలిన మూడూ ఏడ్చాయి. "నేలమ్మా, ఎండ కంటే ఈ అవ్వే ఎక్కువైంది. మేం పోతే తంగేడే ఉండదు!"

నేలమ్మ వాటికి నల్లరాయిలాంటి పెంకు తొడిగింది. "ఇది గోటికి తెరుచుకోదు. మేకలు తొక్కాలి, గులకరాళ్ళు గీకాలి, నిండు వానకు నానాలి. ఇంకోమాట, ముగ్గురూ ఒక్కసారే లేవకండి."

అయిదో రోజు కొమురవ్వ గిల్లింది. గోరు విరిగింది. కొరికింది. ముందుపన్ను ఊడింది.

"నా పన్ను తిన్న గింజల్లారా, పోండ్రి!" అని బీడులోకి విసిరేసింది. ఆపైన ఇంటికొచ్చి, చేజేతులా చెడగొట్టుకున్నానని గౌరమ్మ ముందు కూర్చుని ఏడ్చింది.

బీడులో మేకలు తొక్కాయి. రాళ్ళు గీకాయి. వాన కురిసింది. ఒక మొలక తల ఎత్తింది.

కొమురవ్వ పరుగెత్తుకొచ్చింది. "తక్కిన ఇద్దరేరి?"

"పండుకున్నరు. ఒకరు వచ్చే ఏడు లేస్తరు, ఒకరు ఆపై ఏడు. మళ్ళ ఉత్త వాన పడితే ఇంటికి ఒక్కరన్న మిగలాలె గద! నువ్వు మాత్రం తవ్వకు."

కొమురవ్వ చేతులు వెనక్కి కట్టుకుంది. అలా ఏడాది నిలబడడం కంటే అడవిలో తపస్సు సులువని అనేదట. మరుసటి ఏడు పూలు పూశాయి. "ఆలస్యమైంది తల్లీ, తప్పు నాదే" అంటూ బోసినోటితో నవ్వి, గౌరమ్మ ముందు పెట్టింది.

అప్పటినుంచే తంగేడు గింజకు గట్టి పెంకు. అప్పటినుంచే అవి ఒక్క వానకు అన్నీ లేవవు, కొన్ని మట్టిలోనే ఆగి చూస్తాయి. ఆగలేనిది మా ఇంటి ఆడవాళ్ళమే. నేనూ మొన్న నాలుగు నాటాను. ఈ పొద్దుటికి నా గోళ్ళు రెండు విరిగాయి.