అసలు ముద్రకు పడిన వాన

వీరగిరి రాజ్యంలో ఆస్థాన సిద్ధాంతి ముద్ర ఉన్న పంచాంగమే చెల్లుతుంది. సంతలో కొన్న పంచాంగం చూసుకుని ఈరమ్మ మృగశిర కార్తెలో జొన్నలు చల్లింది. చుక్క వాన పడలేదు. గింజలన్నీ మాడిపోయాయని లబోదిబోమంటూ రాజుగారి కొలువుకు పరిగెత్తింది.

సిద్ధాంతి ఆమె పంచాంగం తిప్పిచూసి ముక్కు విరిచాడు. "దొంగ ముద్ర! ఎవడో నా పంచాంగాన్ని పొల్లుపోకుండా దించి అమ్ముకున్నాడు."

"నాకేం తెలుసు బాబయ్యా? అందరితోపాటు నేనూ కొన్నాను."

"తెలియకపోతే తప్పు కాకుండా పోతుందా? నకిలీదాన్ని నమ్ముకుంటే వానెలా పడుతుంది? మహారాజా, దీని ఎద్దును జప్తు చేయించండి."

ఎద్దు మాట వినగానే ఈరమ్మ ఏడుపు ఆగిపోయింది. లెంపలు వేసుకుంది.

"బుద్ధి తక్కువై దొంగది కొన్నాను, అందుకే నా చేను ఎండింది. ఎద్దును తోలుకుపొండి. పోయేముందు అసలు ముద్రకు పడిన వాన ఒక్కసారి చూపించండి బాబయ్యా. నా గట్టు అవతలిది రాజుగారి చేనే. తమరి పంచాంగం చూసి, నేను చల్లిన రోజే అక్కడా చల్లారు."

ఆ చేను బీటలు వారిందని రాజుగారికి పొద్దున్నే కబురందింది. ఆయన సిద్ధాంతి వైపు తిరిగారు.

సిద్ధాంతి చేతులు జోడించాడు. "ప్రభూ, దివాణంలో ఉన్నదీ నకిలీదేమో!"

"మీ చేతులతో మీరే ఇచ్చారు కదా," అన్నారు రాజుగారు.

సాయంత్రానికి ఈరమ్మ పాకలో రెండెద్దులున్నాయి. రెండోదాని తొడమీద సిద్ధాంతిగారి ముద్ర ఉంది. అది మాత్రం అసలుదే.